నాలుగు నిమిషాల ముందున్న గడియారం

…అయినా నాలుగు నిమిషాలంటే ఎంతో నన్నడగండి, చెబుతాను. నేను ఒక గోడ గడియారాన్ని. మొదట ఆదోనిలో ఒక పత్తి మిల్లులో వేలాడాను. కూలీలు ఇంకాసేపు పనిచేస్తారని అక్కడి మేనేజరు సాయంత్రాలు నా ముల్లు వెనక్కి జరిపేవాడు. మిల్లు మూతపడ్డాక మసీదు గోడకెక్కాను. ఇక్కడైనా నిజం చెబుదామనుకుంటే, అజాన్ ఇచ్చే మౌజన్ దస్తగిరి సాబ్ నన్ను నాలుగు నిమిషాలు ముందుకు తిప్పాడు. ఏ పూటా ఆలస్యం కాకూడదని ఆయన పంతం. చూసిన ప్రతిసారీ ఆ నాలుగూ మనసులోనే తీసేసేవాడు. అబద్ధం నా ముఖాన, నిజం ఆయన తలలో. ఇరవై రెండేళ్లు ఈ కాపురం మా ఇద్దరికే తెలుసు.

రంజాన్ నెల. ఉపవాసం విడవడానికి వీధంతా ఖర్జూరం చేతపట్టుకుని ఆయన గొంతు కోసం కాచుకున్న సాయంత్రం. మసీదు బాగోగులు చూసే ముతవల్లి పీరాన్ సాబ్ ఆయన పక్కకొచ్చి, "మీ అజాన్ ఉంటే ఆకాశం చూసే పనేముంది సాబ్!" అన్నాడు. పగలంతా పస్తున్న మనిషికి ఆ పొగడ్తే ముందు నోటికందింది. దాన్ని లోలోపల చప్పరిస్తూ నావైపు చూశాడు, తీసివేత మరిచాడు. చెవుల్లో వేళ్లు పెట్టి, కళ్లు మూసుకుని, అజాన్ ఇచ్చేశాడు.

కళ్లు తెరిస్తే నా పక్క కిటికీలో సూర్యుడి అంచు ఇంకా ఎర్రగా నిలబడి ఉంది.

పొద్దు గుంకకముందే తింటే ఆనాటి రోజా, అంటే ఉపవాసం, చెల్లదు. పండగయ్యాక ఇంకో రోజు ఉపవాసముండి తీర్చుకోవాలి. వీధేమో అప్పటికే నములుతోంది.

"ఎవరు చూడొచ్చారు, ఊరుకోండి," పీరాన్ సాబ్ గొణిగాడు. "ఎవరైనా అడిగితే గడియారం చెడిందందాం. దానికి నోరా, వాయా?"

"నాకుంది కదా భాయ్."

"ఇరవై రెండేళ్ల పేరు సాబ్! రేపట్నుంచి మీరు పిలిస్తే, జనం ముందు కిటికీలోంచి చూసి గానీ రారు."

మనిషి తన తప్పును నాలాంటి వస్తువు మీద వేసే ముందు దాన్ని ఎలా చూస్తాడో నాకు తెలుసు. మేనేజరూ అలాగే చూసేవాడు. దస్తగిరి సాబ్ నన్నలాగే చూశాడు, నా ముల్లు అయిదారుసార్లు టిక్కుమనేంతసేపు. నేను నడుస్తూనే ఉన్నాను. సిగ్గుపడి ఆగే తీరిక గడియారాలకు లేదు.

ఆయన చూపు తిప్పుకుని మైకు మీట నొక్కాడు.

"తినడం ఆపండి. పొద్దింకా గుంకలేదు. తొందరపడింది నేను."