తెర మీద ఎత్తిన చెయ్యి

పిల్లలూ, మీరు దూరాన పెరుగుతున్నారు. మీ తాత రామలింగను ఫొటోలోనే చూసినారు. ఆయన చేసిన ఒక తప్పు గురించి మీకెవరూ చెప్పలేదు. ఒక్క ముక్క వదలకుండా చెప్తాను, వినండి.

రాజపాళయంలో ఆస్పత్రులకు కట్టుగుడ్డ నేసే మిల్లులో మీ తాత మేస్త్రి. గుడ్డను బ్లీచింగ్ తొట్టిలో వేయించి, గడియారం చూసి బయటికి తీయించడం ఆయన పని. ఆదివారం సాయంత్రం మిల్లు వెనక వీధిలోని చిన్న చర్చికి పోయేవాడు. అక్కడ పాస్టరు ముత్తుకుమార్ పొడుగు ప్రసంగాలు మానేసి చాన్నాళ్లయింది. ఎనిమిది నిమిషాల షార్ట్ ఫిలిం ఒకటి వేసేవాడు. నడుమ ఆపి, "ఇప్పుడు ఇతను ఏమి చేయాల?" అని అడిగేవాడు. అందరూ మాట్లాడినాకే మిగతాది. తెర మాత్రం మీ తాత ఇచ్చిన కట్టుగుడ్డే.

ఆ తెర మీది మనుషులు కూడా జవాబు కోసం కాచుకొనేవారు. అప్పజెప్పిన జవాబుకు కదిలేవారు కాదు. ఎవరైనా తమ బ్రతుకులోంచి ఒక మాట చెప్తేనే కథ ముందుకు పోయేది. ఆలస్యమైతే ముసలి బొమ్మక్క వాళ్లకని తెర కింద చెంబుతో నీళ్లు పెట్టేది. కూటం ముగిసేసరికి చెంబు ఖాళీ. దప్పిక ఎవరికైనా దప్పికే కదా.

ఒక శనివారం తెర అంచు పీలికలవుతోందని మీ తాత డ్యూటీ నడుమనే చర్చికి పోయి దాన్ని కుట్టుకుంటూ కూర్చున్నాడు. దేవుని పనే కదా అనుకున్నాడు. తిరిగి వచ్చేసరికి తొట్టిలోని గుడ్డంతా ఎక్కువసేపు నాని, వేలు తగిలితే చినిగేటట్టు అయిపోయింది. అప్పుడు తొట్టి దగ్గర ఉన్నది కూలిపని చేసే మారిసెల్వి. మేస్త్రి చెప్పందే గుడ్డ తీయకూడదు, అందుకే ఆమె తీయలేదు. మేనేజరు రాఘవన్ అదేమీ అడక్కుండా ఆమెను పని నుంచి తీసేసినాడు. మీ తాత నోరు తెరవలేదు.

మరునాటి ఫిలింలో ఒక పంతులు బడి కంప్యూటరు పాడుచేస్తాడు. నింద బడి ఊడ్చే ఆమె మీద పడుతుంది. పంతులు హెడ్‌మాస్టరు తలుపు ముందు చెయ్యెత్తి నిలబడతాడు. పాస్టరు అక్కడ ఆపినాడు. తట్టాలనే అందరూ అన్నారు. పిల్లలు బైబిలు వాక్యాలు అప్పజెప్పినారు. పంతులు కదలలేదు. పై ఆదివారమూ అట్లే నిలబడి ఉన్నాడు.

"చెయ్యి లాగదా నాయనా? మా మేస్త్రి మాదిరే మొహం పెట్టినావే," అంది బొమ్మక్క. అందరూ నవ్వినారు, మీ తాత తప్ప.

మూడో ఆదివారం మారిసెల్వి కూతుర్ని ఒళ్లో పెట్టుకొని వెనక వరసలో కూర్చుంది. పొద్దున్నే బస్సెక్కి తిరుప్పూరు బనియన్ కంపెనీకి పోతానని, పాపను చోళపురంలో అమ్మ దగ్గర వదులుతానని మీ అవ్వ భాగ్యంతో చెప్పింది. ముందు వరసలో ఉన్న మీ తాతకు అది వినబడింది.

ఆయన లేచి తెర వైపు తిరిగినాడు.

"తట్టు నాయనా. నేను తట్టలేక మూడు ఆదివారాలయింది, కూడు దిగలేదు. గుడ్డ పాడైంది నా వల్ల. ఈ తెర కుట్టుకుంటా కూర్చుంటిని. మారిసెల్వి తప్పేమీ లేదు."

"ఈ ఒక్క మాట కోసం తెర మీది ఆయప్పకు మూడు చెంబుల నీళ్లు పోయించినావా మేస్త్రీ," అంది బొమ్మక్క కళ్లు తుడుచుకుంటూ.

తెర మీద పంతులు మూడుసార్లు తలుపు తట్టినాడు. మీ తాత చెప్పులు వేసుకొని మేనేజరు ఇంటికి నడిచినాడు. అక్కడ తలుపు అప్పటికే తెరిచి ఉంది. రాఘవన్ గడపలో నిలబడి వీధి అటూ ఇటూ చూస్తున్నాడు.

"ఇందాక మూడుసార్లు తట్టింది నువ్వేనా, రామలింగా?"

"నేనే సార్," అన్నాడు మీ తాత.

సోమవారం తిరుప్పూరు బస్సు మారిసెల్వి లేకుండానే పోయింది. ఆమె మళ్లీ తొట్టి దగ్గరికి వచ్చింది. మీ తాతకు మేస్త్రి పని పోయింది. ఏడాదిపాటు ఆమె పక్కనే నిలబడి తడిగుడ్డ మోసినాడు. ఆ ఆదివారం రాత్రి మాత్రం ఇంటికి వచ్చి మూడుసార్లు అన్నం పెట్టించుకొన్నాడని మీ అవ్వ చెప్పేది.

రేపు మీ పిల్లలకు కూడా ఈ కథ చెప్పండి. తాత మంచివాడని చెప్పాలనుకొని ఆయన తప్పును మాత్రం దాటేయకండి. అది తీసేస్తే ఆ తలుపు తెరుచుకోదు.