టీకొట్టు లేని రోడ్డు

రావులపాలెం చుట్టుపక్కల ఎక్కడ దిగినా కాస్త నడిస్తే టీకొట్టు తగులుతుంది. అది లేకపోయినా ఎవరిదో అరుగు, అడక్కుండానే ఓ గ్లాసు మజ్జిగ ఉంటాయి. అలా బతికినవాడు గనకే జగన్నాథరావు అమరావతిలో ఆటో అతణ్ణి పంపించేశాడు.

"ముందు ఎక్కడైనా టిఫిను తిని, నడుస్తూ చూద్దాం అక్కా."

రాజధాని చూడాలన్నది అక్క కనకవల్లి ముచ్చట. పొద్దున్నే ఇన్సులిన్ వేసుకుని, బస్సు పోతుందని ఒక్క ఇడ్లీతో లేచింది.

రోడ్డు తాడు లాగి కట్టినట్టు తిన్నగా పోయింది. రెండు పక్కలా తుమ్మచెట్లు, ఎక్కడో దూరంగా ఇనపచువ్వలు పొడుచుకొచ్చిన మేడలు. ఎంత నడిచినా ఒక్క కొట్టూ రాలేదు.

"ఇంత రోడ్డేసి బజ్జీల బండి మర్చిపోయారేంట్రా," అని నవ్వింది కనకవల్లి. కాసేపటికి ఆ నవ్వు పోయింది. మొహమంతా చెమట, మాట ముద్దముద్దగా వచ్చింది.

"ఏవండీ, పడవ మన రేవు దాటేసిందా?"

బావగారు పోయి చాన్నాళ్ళయింది. షుగర్ పడిపోతోంది. సంచిలో పంచదార పలుకైనా లేదు.

అంబులెన్సుకి ఫోన్ చేశాడు. అవతలి అమ్మాయి ఓపిగ్గా అడిగింది. "దగ్గర్లో ఏముందండీ?"

"రోడ్డుందమ్మా. ఇంకేం లేదు."

"లొకేషన్ పంపండి, బండి బయల్దేరుతుంది. ఈలోగా తియ్యటిదేదైనా పట్టించండి."

భార్య పోయిన వేళ అతను మందుల షాపు ముందు నించునున్నాడు. తిరిగొచ్చేసరికి దుప్పటి మొహం దాకా కప్పేశారు. ఇప్పుడు మళ్ళీ వదిలి వెళ్ళాలి. లొకేషన్ పంపి, అక్కని చెట్టుకింద కూర్చోబెట్టి, గుర్తుగా గొడుగు విప్పి పక్కన పెట్టి, పరిగెత్తాడు.

చాలా దూరాన డివైడర్ మొక్కలకి నీళ్ళు పోస్తున్న ట్యాంకరు కనిపించింది. "అక్కకి షుగర్ పడిపోయిందమ్మా, తియ్యటిదేదైనా..." అన్నాడు రొప్పుతూ. పైపు పట్టుకున్నావిడ పూర్తిగా వినకుండానే ఫ్లాస్కు తీసుకుంది.

"పొద్దుటి టీ బాబాయ్, చల్లారిపోయింది. చక్కెర మాత్రం దండిగా ఉంటది. ఎక్కు బండి."

వెనక్కి వస్తుంటే తుమ్మచెట్లన్నీ ఒకేలా ఉన్నాయి. ఎక్కడ వదిలాడో తెలియడం లేదు. ఇంతలో రోడ్డు మీద గాలికి దొర్లుతూ గొడుగు ఎదురొచ్చింది. పక్కన అక్క లేదు.

"అదిగో, ఆ చెట్టు మొదట్లో," అంది ఆవిడ.

కనకవల్లి పక్కకి ఒరిగిపోయి ఉంది. ట్యాంకరు ఆవిడ ఆమె తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, ఫ్లాస్కు మూతతో కొంచెం కొంచెంగా పట్టింది. మొదట పెదాల పక్కనుంచి కారిపోయింది. తర్వాత గొంతు కదిలింది. జగన్నాథరావు ఆ గొంతునే చూస్తూ కూర్చున్నాడు. మూత రెండోసారి ఖాళీ అయ్యాక అక్క కళ్ళు అతని మీద నిలిచాయి.

"ఒరే జగ్గూ, ఆ ఏడుపేంట్రా పరాయి అమ్మాయి ముందు?"

తన పేరు అంత స్పష్టంగా పలికింది. అతను ఖాళీ మూత అందుకుని మళ్ళీ ట్యాంకరు ఆవిడ ముందు పట్టాడు.