కొలతలమ్మ పిస్తోలు పిడి

పెట్టె మూత పడలేదు.

తనిఖీ బల్ల వెనకున్న పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుని, పిస్తోలును ఆ ఇనుప పెట్టెలో మళ్ళీ ఒకసారి పడుకోబెట్టాడు. మూతను వేలితో తాకించాడు. ఒక మూల ఎత్తుగానే ఉండిపోయింది. ఆ పెట్టె ఉన్నదే అందుకు. అయిదు సెంటీమీటర్ల మందం దాటిన పిస్తోలు అందులో పట్టదు, పట్టని పిస్తోలు పోటీకి పనికిరాదు. ఆయన పిడివైపు వేలు చూపించి, గోడగడియారం చూపించి, నాలుగు వేళ్ళు ఎత్తాడు. నాలుగింటికి బల్ల ఎత్తేస్తారు. ఆలోగా మూత పడితే సరి, లేదంటే రేపు పొద్దున్న వెళ్ళి ప్రేక్షకుల్లో కూర్చోవచ్చు. అప్పటికి టైము ఒంటిగంటన్నర.

పక్కనున్న మాస్టారికి ముచ్చెమటలు పోశాయి. కొలతలమ్మకు మాత్రం ఒళ్ళు మండింది. కొలత తప్పిందని ఇంకొకరు తనకు చెప్పడం ఇరవై ఆరేళ్ళలో ఇదే మొదలు మరి.

ఆమె అసలు పని బట్టలు సరిచేయడం. రెండు మిషన్లు, ఒక నిలువుటద్దం, అద్దానికి ఎదురుగా ఒక ఎత్తుపీట, అంతే దుకాణం. మనిషి గుమ్మంలో అడుగుపెడుతుండగానే నడుమెంతో, ఏ భుజం దిగిందో చెప్పేస్తుంది. ఆ పేరు ఊరికే రాలేదు. వచ్చినవాళ్ళు అద్దం ముందు నిలబడి "బావుందమ్మా" అంటే ఆమెకు చెడ్డ చిరాకు. "బావుందనే మాట నాకొద్దు. ఎక్కడ పట్టేస్తోందో చెప్పండి. మొహమాటం నా దగ్గర, బిగుతు మీ ఒంటి మీదా?" అని దులిపేస్తుంది. జనం ఆ తిట్లు తినడానికే వస్తారేమో అనిపిస్తుంది.

పిస్తోలు ఆమె చేతికి వచ్చింది కూడా బట్టల వల్లే. రైఫిలు కాల్చేవాళ్ళు వేసుకునే మందపాటి కోట్లు సరిచేసి క్లబ్బులో ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, అక్కడ నేర్పే మాస్టారు సరదాకి ఒక గాలి పిస్తోలు అందించి, "కాల్చి చూడమ్మా" అన్నాడు. బళ్ళో డ్రిల్లు నేర్పి రిటైరైన మనిషి ఆయన. అయిదు కాల్చింది. మూడు నల్లచుక్కలో పడ్డాయి. మాస్టారు ఈల వేశాడు. ఆమె ఇంకో అయిదు కాల్చింది. ఆ మర్నాటి నుంచి దుకాణం తెరిచేముందు గంటన్నర క్లబ్బులోనే. ఆరేళ్ళయింది. ఇప్పుడామెకు నలభై ఎనిమిది.

ఇది ఏదో ఒక పని చేసుకుంటూ కాల్చేవాళ్ళ అంతర్జాతీయ పోటీ. ఆటే ఉద్యోగమైనవాళ్ళకు ఇక్కడ ప్రవేశం లేదు. పది మీటర్ల దూరం, అరవై గుళ్ళు, నట్టనడుమ పడితే గుండుకు పది, మొదటి ఎనిమిది మందికే ఫైనల్. కొలతలమ్మ ఇంతకుముందు మూడుసార్లు వచ్చింది. ఒకసారి పదకొండో స్థానం, రెండుసార్లు తొమ్మిదో స్థానం. తొమ్మిది అంటే ఏమిటో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఈసారి బయలుదేరేముందు అందరికీ చెప్పి వచ్చింది: "ఈసారి ఎనిమిదిలో ఉంటాను." శుక్రవారానికి మీ ప్యాంటు అయిపోతుంది అని చెప్పినట్టే చెప్పింది. ఆమె శుక్రవారం అంటే శుక్రవారమే.

ఇంతకీ ఆ పిడి ఆమె భర్త చెక్కింది. ఆయన వడ్రంగి. పిస్తోలుతో వచ్చిన పిడి ఆవిడ చేతికి పెద్దదైతే, ఆయన నల్లటి గట్టి చెక్క ఒకటి సంపాదించి, పనికి పని, ముచ్చటకు ముచ్చట అని మూడు నెలలు దాని మీదే కూర్చున్నాడు. చూసినవాళ్ళు ముట్టుకోకుండా వదిలేవారు కాదు. మొదటిసారి ఆమె చేతిలో పెట్టి, "ఎలా ఉంది?" అని చంటిపిల్లాడిలా మొహంలోకి చూశాడు. ఆమె పట్టుకుంది. అరచేతి మొదట్లో, మణికట్టుకు కాస్త పైన, చెక్క గట్టిగా ఒత్తుకుంది. ఎదుట ఆయన మొహం చూసింది. "అచ్చు గుద్దినట్టుందండీ" అంది.

ఊళ్ళోవాళ్ళందరినీ మొహమాటం మానమని కోప్పడే మనిషి, అలా ఆరేళ్ళు మొగుడి దగ్గర మొహమాటపడింది. ఒత్తుడు తెలియకుండా అరచేతికి రెండు వరసలు ప్లాస్టర్ చుట్టుకునేది. అప్పుడప్పుడు గుండు కుడిపక్కకి, పైకి ఎగిరిపోతుంటే తన మణికట్టునే తిట్టుకునేది.

బయలుదేరే ముందురోజు భర్త ఆ పిడిని మళ్ళీ ఆమె చేతిలో పెట్టాడు. చెక్కపొడి, జిగురు కలిపి ఎక్కడో కాస్త మెత్తాడట, నున్నగా తోమి మెరుగు పెట్టాడట. పట్టుకుంటే పాత ఒత్తుడు రెండింతలైంది. "భేష్" అంది ఆమె. టేపు తీసి కొలవలేదు. కొలిస్తే ఆయన్ని అనుమానించినట్టవుతుందని ఊరుకుంది. దారినపోయేవాళ్ళ భుజాలు కూడా కొలిచే మనిషి, కొలవాల్సిన ఆ ఒక్కదాన్నీ వదిలేసింది.

"ఇప్పుడెలా తల్లీ?" అన్నాడు మాస్టారు. "వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఇంకో పిస్తోలు తెస్తాను."

"నాకు ఇంకోళ్ళ చెప్పులు పట్టవు మాస్టారూ, ఇంకోళ్ళ పిస్తోలు పడుతుందా? రెండు మిల్లీమీటర్లు ఎక్కువుంది. తీసేద్దాం."

"పోటీ ముందురోజు పిడి గీకుతావా? ఎవరైనా వింటే నవ్విపోతారు!"

"నవ్వనివ్వండి. రేపు వాళ్ళకి ఆ ఓపిక ఉండదు."

గదికి వెళ్ళి భర్తకు ఫోన్ చేసింది. వెనక చిత్రిక పడుతున్న చప్పుడు ఆగింది.

"ఏవండీ, పెట్టె మూత పడ్డం లేదు. పిడి రెండు మిల్లీమీటర్లు లావయింది."

"అయ్యో రామా! నేను మెత్తిందేనా?" ఆయన గొంతు నీరుగారిపోయింది. వెంటనే సర్దుకున్నాడు. "సరే, కంగారుపడకు. బొటనవేలు కిందవైపు గీకు, మూత పడుతుంది. అరచేతి మొదలు ఆనేచోట మాత్రం చెయ్యి పెట్టకు. నువ్వు ప్లాస్టర్లు చుట్టుకోవడం చూడలేకే కదా అక్కడ మెత్తాను. సందు ఉండబట్టే చుట్టుకుంటున్నావని నాకు తెలీదనుకున్నావా? ఇప్పుడు బాగా ఆనుతోందా?"

ఆమె అరచేతి మీది ప్లాస్టర్ వైపు చూసుకుంది. ఒత్తుతోందని తను ప్లాస్టర్ వేసుకుంటే, సందుందని ఆయన చెక్క మెత్తాడు. ఆరేళ్ళ కింద ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

"ఆనుతోందండీ," అంది. ఫోన్ పెట్టేసి, "సిగ్గులేకపోతే సరి" అని తనను తనే తిట్టుకుంది.

ఆయన చెప్పినట్టు బొటనవేలు కింద గీకినా మూత పడుతుంది. ఆయన మెత్తింది ఆయన మెత్తినట్టే ఉంటుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు. తొమ్మిదో స్థానం కూడా ఎక్కడికీ పోదు. ఆమె కాసేపు మంచం అంచున కూర్చుంది. తర్వాత సంచిలోంచి బట్టల మీద గీతలు గీసే సుద్దబిళ్ళ తీసింది. ఆ సుద్ద లేకుండా ఆమె గుమ్మం దాటదు. ప్లాస్టర్ ఊడబీకి, అరచేతినిండా సుద్ద పామి, పిస్తోలు పట్టుకుని, ఎదుటి గోడ మీద గురిపెట్టి పదిదాకా లెక్కపెట్టి వదిలింది.

నల్ల చెక్క అంతా చెప్పేసింది. అరచేతి మొదట్లో సున్నం కొట్టినంత తెలుపు. వేళ్ళ దగ్గర పల్చగా, సమంగా ఉంది. బొటనవేలు కింద చెయ్యి తాకీ తాకనట్టుంది, అక్కడ తీస్తే ఇంకా వదులైపోతుంది. వెర్రి గుళ్ళన్నీ కుడిపైకి ఎందుకు పోయాయో ఆమెకు ఆ తెల్లమచ్చ చూడగానే అర్థమైంది. పాపం, మణికట్టు తప్పేమీ లేదు.

ఆకురాయి కావాలి. వరండాలో మాస్టారు ఎవరినో చేతులు తిప్పుతూ అడుగుతున్నాడు. ఎదుటిగది ఆవిడ బయటికొచ్చింది. పళ్ళ డాక్టరట, ఆమె కూడా పోటీకి వచ్చినదే. భాష కుదరలేదు గానీ, పిడి మీది తెల్లమచ్చ చూడగానే ఆవిడ తలూపి లోపలికి వెళ్ళి, సన్నటి ఆకురాళ్ళు నాలుగు, గరుకు కాగితం పట్టుకొచ్చింది. రేపు తనతో పోటీపడే మనిషికి తన పనిముట్లు ఇచ్చి, పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

కొలతలమ్మ గీకింది. సుద్ద రాసింది, పట్టుకుంది, చూసింది, మళ్ళీ గీకింది. బట్ట సరిచేసినట్టే, ఒంటి మీద వేసి చూడనిదే ఒక్క కుట్టు కూడా నమ్మలేదు. ఆయన మెత్తింది పోయింది. దాని కింద ఆయన మూడు నెలలు చెక్కిన చెక్క వచ్చింది. అక్కడ ఒక్క క్షణం చెయ్యి ఆగింది. తర్వాత దాన్ని కూడా గీకింది. మెరుగు పోయింది, అందం పోయింది. ఆఖరిసారి సుద్ద అంతటా ఒకే పల్చదనంతో అంటింది. చేతికి పిడి ఉన్నట్టే తెలియలేదు. పళ్ళ డాక్టరు బొటనవేలు ఎత్తి చూపించింది.

మూడూ నలభైకి పెట్టె మూత చప్పుడు లేకుండా పడింది. పెద్దమనిషి పిడి మీద స్టిక్కరు అంటించాడు. మాస్టారు అక్కడున్న కుర్చీలో కూలబడ్డాడు.

మర్నాడు పొద్దున్న, లెక్కలోకి రాని మొదటి పావుగంటలో, గుళ్ళన్నీ చుక్కకు ఎడమగా, కిందకి పడ్డాయి. మాస్టారు వెనక నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. కొలతలమ్మకు మాత్రం సంతోషం వేసింది. కుడిపైకి పోయే చేతికి సరిపడేలా బిగించిన గురి అది. ఇప్పుడా చెయ్యి సరైంది కాబట్టి గురినే సరిచేయాలి. గురిని జరిపే మర తిప్పింది. ఇంకో రెండు గళ్ళు తిప్పింది. ఆ తర్వాతి గుండు నట్టనడుమ పడింది. దాని వెనకది కూడా అక్కడే పడింది.

అరవై గుళ్ళు కాల్చడానికి గంటంబావు. ఆమె ఎవరివైపూ చూడలేదు. చెయ్యి ఎత్తడం, దించుతూ గురి దగ్గర ఆగడం, వేలు వెనక్కి. కుదరనిది అనిపిస్తే దించేసి మళ్ళీ ఎత్తడం. నలభై రెండోది ఎనిమిదిలో పడితే, "సరేలే" అని పైకే అంది. కుడిపైకి మాత్రం ఒక్కటీ పోలేదు. ఆఖరి గుండు పది. పిస్తోలు బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగితే మాస్టారు వేళ్ళమీద ఏదో లెక్కపెడుతూ ఏడుస్తున్నాడు.

ఆరువందలకు అయిదువందల అరవై ఎనిమిది. ఆమె ఇదివరకు ఎప్పుడూ అయిదువందల అరవై ఒకటి దాటలేదు. అదే అంకె ఇంకొకరికీ వచ్చింది. లోపలి చుక్కలో ఎవరివి ఎక్కువ పడ్డాయో చూసి కొలతలమ్మను ఎనిమిదో స్థానంలో పెట్టారు. తొమ్మిదో స్థానం పళ్ళ డాక్టరుది. ఆవిడ బోర్డు చూసింది, కళ్ళు తుడుచుకుంది, తర్వాత వచ్చి కొలతలమ్మను గట్టిగా వాటేసుకుంది. తొమ్మిది ఎంత చేదో తెలిసిన కొలతలమ్మకు ఏం చెయ్యాలో తోచక, ఆవిడ వీపు నిమురుతూ అలాగే నిలబడిపోయింది.

ఫైనల్‌కు ఇంకా అరగంట ఉంది. ఆమె ఒక మూలకు వెళ్ళి ఫోన్ చేసింది.

"ఎనిమిదండీ."

అవతల ఆయన అరిచిన అరుపుకి ఫోన్ చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది. "చెప్పానా! బొటనవేలు కింద గీకమని చెప్పానా!"

సరేనంటే అయిపోయేది. నోటిదాకా కూడా వచ్చింది.

"అక్కడ గీకలేదండీ. మీరు వద్దన్నచోటే గీకాను. మీరు మెత్తిందంతా తీసేసి, అసలు చెక్క కూడా తీశాను. అది మొదటినుంచీ ఒత్తుతూనే ఉంది. ఆ ప్లాస్టర్ సందు కోసం కాదు, ఒత్తుడుకి. మూడు నెలలు కూర్చుని చెక్కారని చెప్పలేకపోయాను."

ఆమె గుండె గట్టిగా కొట్టుకుంది. పొద్దున్న ఒక్క గుండుకీ అంతలా కొట్టుకోలేదు.

"ఆరేళ్ళా?" అన్నాడు చివరికి.

"ఆరేళ్ళు."

"పిచ్చిమొహమా, నేను చెక్కింది నీ చేతికే గానీ అద్దాల బీరువాలో పెట్టుకోడానికా?" గొంతు తగ్గించాడు. "ఎలాగూ మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా, కోప్పడకు. నువ్వు కుట్టే చొక్కాలు నాకు చంకలో పట్టేస్తాయే."

"ఏంటీ?"

"రంపం లాగితే చాలు, కోసుకుపోతుంది. అందుకే దుకాణానికి వెళ్ళగానే విప్పేసి బనీనుతో పని చేస్తా. ఉక్కపోతని నీతో చెప్తుంటాను."

"ఎన్నాళ్ళనుంచి?"

"పెళ్ళయినప్పటినుంచి."

కొలతలమ్మ నవ్వడం మొదలుపెట్టింది. గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఫైనల్‌కు పిలిచినప్పుడు ఇంకా నవ్వుతూనే వెళ్ళి ఎనిమిదో గీత దగ్గర నిలబడింది.

అక్కడ తక్కువ వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినే పంపించేస్తారు. ఎనిమిదోదిగా వచ్చిన మనిషే మొదట సర్దుకుంటుందని అందరూ అనుకున్నారు. సర్దుకుంది పక్క గీత ఆవిడ. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. అయిదుగురు వెళ్ళిపోయాక కూడా కొలతలమ్మ అక్కడే ఉంది. మూడో స్థానంలో ఆమె పిస్తోలు దించి పక్కన పెట్టేసరికి, మాస్టారికి ఈల వేద్దామన్నా నోట ఊపిరి మిగల్లేదు.

పతకం మెడలో పడ్డాక, ఇంకా చప్పట్లు ఆగకముందే, ఆమె ఫోన్ తీసింది.

"మూడండీ. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు చొక్కా తొడుక్కుని అద్దం దగ్గరికెళ్ళి నిలబడండి. చెయ్యి పైకెత్తండి. ఎక్కడ పట్టేస్తోందో సరిగ్గా చెప్పండి."