రెండో మనిషి

నాకు అనుమానం ఎక్కువని మా ఆయన పెళ్లయిన నాటి నుంచి దెప్పుతూనే ఉన్నాడు. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడంటాను. చుట్టాలు ఊరికే ఫోన్ చేస్తే ఏదో అడగడానికేనంటాను. చాలాసార్లు నేనన్నదే నిజమైంది కూడా. అందుకే భూపాలపల్లి అడవి అంచున చిన్న జింకలాంటి కొండగొర్రె చచ్చి పడి ఉన్నప్పుడు, మావాళ్లంతా చంపినవాణ్ణి తిడుతుంటే, నేను మావాళ్ల ముఖాలు చూస్తూ నిలబడ్డాను.

మేము నలుగురం. ఆదివారం వస్తే అడవికి పోయి, చెట్లకు కెమెరాలు కట్టి, ఏ జంతువు ఎటు తిరుగుతోందో చూసి ఫారెస్టు వాళ్లకు చెబుతుంటాం. జీతం భత్యం లేని పని. ఆటో నడిపే మజీద్ అన్న, ఒకప్పుడు ఉచ్చులు పెట్టి మానేసిన రాజలింగం, జిరాక్స్ షాపు నడుపుకునే నేను, నా షాపులో పనిచేసే యమున. యమున వాళ్లది ఆ అడవి పక్క ఊరే.

కొండగొర్రె కరెంటు తీగ తగిలి చచ్చింది. మక్క చేలల్లో అడవి పందులు పడకుండా కొందరు రైతులు దారికి అడ్డంగా గూటాలు పాతుతారు. ఒకటి రెండు రోజులాగి తీగ కట్టి, పైన పోయే లైనుకు కొక్కెం తగిలిస్తారు. పంది ఏదో, జింక ఏదో తీగకేం తెలుసు? నాకు మింగుడుపడనిది వేరే ఉంది. పోయిన నెల దుప్పి చచ్చిందీ, ఇప్పుడు ఇదీ, రెండూ మా కెమెరా చూపుకు కాస్త అవతలే. కెమెరాలు ఎక్కడున్నాయో మా నలుగురికే తెలుసు.

"ఇంటి దొంగను ఈశ్వరుడన్న పట్టడంటరు," అన్నాడు రాజలింగం, మాడిన గడ్డిని కర్రతో కదుపుతూ.

ఈ మాట ఈయనకే ఎందుకు తోచిందనుకున్నాను. జల్ది పోదామని మజీద్ అన్న ఆటో స్టార్ట్ చేస్తే, ఏమిటంత తొందర అనుకున్నాను. ఇద్దరితోనూ మాట తగ్గించాను.

తర్వాతి వారం కెమెరాలో ఎలుగుబంటి పడింది. వీపు మీద పిల్ల. అందరం చిన్నపిల్లల్లా కేకలు పెట్టాం. ఇంటికొచ్చాక మాత్రం నాకు అన్నం సయించలేదు. తల్లి తీగకు తగిలితే ఆ పిల్ల గతేమిటి?

గుట్ట మీది నుంచి చేలకు దిగే దారులు రెండు. పెద్ద దారిలో మా కెమెరా ఉంది. వాగు దారి ఖాళీ. ఆ సంగతి బయటికి చేరవేసేవారుంటే, ఈసారి గూటాలు వాగు దారిలోనే పడతాయి. పాతేవాడు ఫొటోలో దొరికితే తీగ కట్టకముందే ఆపొచ్చు. అక్కడ చాటుగా ఒక కెమెరా కట్టాలనుకున్నాను.

కానీ కెమెరా కట్టడం ఒక్కరితో అయ్యే పని కాదు. ఒకరు జంతువులా దాని ముందు పాకాలి. రెండోవారు ఎర్ర లైటు వెలుగుతోందో లేదో చూడాలి. గురి తప్పితే ఎలుగుబంటి వచ్చినా ఆకాశమే పడుతుంది. మజీద్ అన్నను పిలవలేను. రాజలింగాన్ని అసలే పిలవలేను. యమునను తీసుకుపోయాను. షాపు తాళాలు ఆమె చేతిలో పెట్టి ఊళ్లకు పోయేదాన్ని.

యమున మోకాళ్ల మీద పాకుతూ, "ఎలుగు లెక్కనే ఉన్ననా అక్కా?" అని నవ్వింది.

"ఎవ్వలకు చెప్పకు. మజీదన్నకు గూడ," అన్నాను.

"చెప్పనక్కా, ఒట్టు."

రోజు విడిచి రోజు పోయి చూశాను. కొండముచ్చులు, పందులు, ఒక ముళ్లపంది. మనిషన్నవాడు లేడు. ఇక తీగ కట్టడం మానేశారని లోలోపల మురిశాను కూడా.

ఒకరోజు పొద్దున్నే మజీద్ అన్న ఫోన్ చేశాడు. "చెల్లె, జల్ది రా. ఇప్పచెట్ల కాడ పడ్డది."

తల్లి పక్కకు ఒరిగి ఉంది. పిల్ల దాని వీపు మీదికి ఎక్కుతోంది, జారుతోంది, మళ్లీ ఎక్కుతోంది. మజీద్ అన్న రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. రాజలింగం ఎండు కర్రతో అప్పటికే కొక్కెం తప్పించి, తల పట్టుకుని కూర్చున్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపులోనే బుర్ర తన పని తాను చేసింది. ఇప్పచెట్ల కింద దారే లేదు, అన్నీ రాళ్లు, ముళ్లు. ఖాళీగా ఉన్న వాగు దారిని వదిలి ఇంత అవస్థ పడి ఇక్కడ తీగ కట్టినవాడికి, అక్కడ కెమెరా ఉందని తెలుసు. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే.

యమున దూరంగా ఒక బండ మీద కూర్చుని ఉంది. నేను దగ్గరికి పోయాను. అడగకముందే చెప్పింది.

"అటు పోవద్దని బాపుకు చెప్పినక్కా. గంతే. మొదటి నుంచి గంతే చెప్తున్న. ఫొటోల పడితే జైలుకు పోతడని భయం. జాగ లేకుంటే బంజేస్తడనుకున్న. గిట్లొచ్చి కడతడనుకోలె."

"నాకెందుకు చెప్పలేదే?" అని అరిచాను.

"చెప్తే ఊకుంటవా?" యమున తలెత్తి నా వైపు చూసింది. "మజీదన్నను అనుమానపడ్డవు. రాజలింగం మామను పడ్డవు. నన్ను గూడ జర అనుమానపడితే ఏం పోతుండె అక్కా? నన్ను తీస్కపోకుంటే గా ఎలుగు బతుకుతుండె."

ఫారెస్టు జీపు వచ్చి ఆగింది. బీట్ ఆఫీసర్ దిగి, ఎవరి మీదైనా అనుమానం ఉందా అని నన్నే అడిగాడు.

యమున బండ మీది నుంచి లేచి వచ్చింది.

"మా బాపు, సారు," అంది. "గట్టయ్య. ఇంట్లనే ఉన్నడు."