ఉంచు నాయనా, వస్తా

మా ఆయనకి కారు స్టాండులో పెట్టిన పేరు మొహమాటం. ఆ పేరుతో పిలిస్తే పలుకుతాడు కూడా. ఎవరైనా దిగుతూ చేతిలో నోటు పెడితే "అయ్యో, ఎందుకండీ" అంటాడు. ఇచ్చినవాళ్లు నిజమే కాబోలనుకుని నోటు వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకుంటారు. ఇంటికొచ్చి ఆ మాట నవ్వుతూ చెబుతాడు. నాకు ఒళ్లు మండిపోతుంది.

నేను హోటల్లో గదులు శుభ్రం చేస్తాను. మా పనిలో టిప్పుకి ఒక పద్ధతి ఉంది. ఖాళీ చేసిన గదిలో దిండు మీద ఉన్న నోటు మాది. బల్ల మీదో సబ్బుపెట్టె పక్కనో ఉన్నది మర్చిపోయి వెళ్లినది, కింద కౌంటర్లో ఇచ్చేయాలి. దిండు మాట్లాడదు కాబట్టి మాకు గొడవ లేదు. కారులో అలా కుదరదు. ఇచ్చేవాళ్లు ఏదో ఒకటి అంటారు, ఆ అన్నదాన్ని బట్టి తీసుకోవాలి.

స్టాండులో అందరూ గురువుగారనే పెద్ద డ్రైవరు ఒకాయన మా ఆయన్ని కూర్చోబెట్టి పాఠం చెప్పాడట. "ఇస్తే వద్దనకు. ఎంతిచ్చారో చూడకు. థాంక్స్ అని వెంటనే బండి కదిలించు. అక్కడే నిలబడ్డావంటే ఇంకా కావాలేమో అనుకుని యాప్‌లో స్టార్లు కోసేస్తారు." స్టార్లంటే మాకు ప్రాణం మీదకొచ్చే సంగతి. అంతకుముందే ఎవరిదో గొడుగు పోయిందని ఈయన మీద కంప్లైంట్ ఉంది. ఇంకొకటి వస్తే ఐడీ ఆపేస్తామని కంపెనీ మెసేజ్ పెట్టింది. ఐడీ ఆగితే వాకిట్లో కారు ఉన్నా లేనట్టే. దాని మీద కట్టాల్సిన వాయిదాలు మాత్రం ఆగవు.

ఆ రోజు ఆలస్యంగా అన్నానికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. పెద్ద నోటు తీసి పొయ్యిగట్టు మీద పెట్టాడు.

"పాఠం పనిచేసింది. ఒక పెద్దావిడ ఇచ్చింది. నోరెత్తకుండా తీసుకుని, దండం పెట్టి వచ్చేశా."

"ఏం చూసి ఇచ్చింది అంత?"

"ఏమో, దారంతా కబుర్లు చెప్పింది. వాళ్ల చెల్లెల్ని పొద్దున్నే ఆసుపత్రిలో పడేశారట. ఐదింటికి గొంతులో గొట్టం వేసి నిద్రపుచ్చేస్తారట. మళ్లీ ఎప్పుడు లేస్తుందో, లేస్తుందో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారట. అంతకుముందు ఒక్కసారి మాట్లాడాలని ఈవిడ తాపత్రయం."

"పాపం. ఆసుపత్రి దగ్గరే దింపావా?"

"లేదు, ఆ చెల్లెలి అపార్ట్‌మెంట్ దగ్గర. ఆ చెల్లెలికి చెవుడట. హడావిడిలో వినికిడి మిషన్ ఇంట్లోనే వదిలేసి తీసుకెళ్లారట."

కంచంలో అన్నం పెడుతున్న చెయ్యి ఆగిపోయింది.

"నోటిస్తూ ఏమందో సరిగ్గా చెప్పు."

"ఏమంటుంది? ‘ఇది ఉంచు నాయనా, వస్తా’ అంది. నేనూ సరేనమ్మా అన్నా."

నేను గరిటె కింద పెట్టేశాను. వస్తానని అందరూ అంటారు. గుమ్మం దిగేవాడు ఎవడూ పోతాననడు. కానీ చెవి మిషన్ తీసుకుని ఐదింటిలోగా ఆసుపత్రికి చేరాల్సిన మనిషి వస్తానంటే, నిజంగా వెనక్కి వస్తానని. ఆ నోటు ఆగమని ఇచ్చింది.

"ఫోనులో ట్రిప్పు అక్కడితో అయిపోయినట్టే చూపించింది. బుక్ చేసింది వాళ్ల చెల్లెలి కూతురు" అన్నాడు. అంటూనే ఆయన ముఖం పాలిపోయింది. గడియారం చూస్తే నాలుగు దాటి చాలాసేపయింది.

ఆయన నోటు మళ్లీ జేబులో వేసుకున్నాడు. అన్నం అలాగే మూతపెట్టి నేనూ కారెక్కాను. ఈ మనిషిని ఒక్కణ్ణీ పంపిస్తే అక్కడ ఏం మాట్లాడి ఏం తెచ్చుకుంటాడోనని నా భయం. పెద్దావిడ గురించి నాకు జాలి లేకపోలేదు, కానీ ముందు గుర్తొచ్చింది ఐడీయే.

ఆవిడ అపార్ట్‌మెంట్ గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉంది. ఒళ్లో చిన్న డబ్బా. కారు చూడగానే మోకాళ్లు పట్టుకుని లేచింది.

"వచ్చావా నాయనా. బండి పెట్టడానికి చోటు దొరకలేదేమో అనుకుంటున్నా."

మా ఆయన నోరు తెరిచాడు. నేను అందుకున్నాను. "అవునమ్మగారూ, ఈ వీధిలో ఎక్కడా చోటుండదు. చాలా దూరం పోవాల్సొచ్చింది. నేను వాళ్లావిణ్ణి, దారిలో ఎక్కా."

"కూర్చోమ్మా, దానికేం" అంది. తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్లినదాన్ని. ఆ మంచితనం నాకు చెంపదెబ్బలా తగిలింది.

సిగ్నళ్లన్నీ కూడబలుక్కున్నట్టు ఎర్రగానే ఉన్నాయి. ముందు బస్సు, పక్కన బస్సు. దారిలో ఆవిడకి ఫోనొచ్చింది. బస్సుల మోతలో వినపడ్డం లేదని పెద్దగా పెట్టుకుంది.

"పెద్దమ్మా, ఎక్కడున్నావు? ఆ డ్రైవరు నిన్ను వదిలేసి పోయాడా ఏంటి? కంప్లైంట్ పెడతా ఉండు."

"ఎందుకే? ఇక్కడే ఉన్నాడు పాపం, నా కోసమే ఆగాడు. నేనే ఆలస్యం చేశా. అది ఎక్కడ పెట్టిందో కనపడి చావలేదు, ఈ మెట్లు నా వల్ల కాలేదు. ఇంకో బండి పిలుస్తానంటే నేనేగా వద్దన్నాను. ఇతనికి డబ్బిచ్చి ఉంచాను కదా."

గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. మా ఆయన అద్దంలోకి చూశాడు. నోరు మెదపొద్దని కళ్లతోనే చెప్పాను. ఆయన మెడ దించుకుని బండి నడిపాడు.

మేం చేరేసరికి ఐదు దాటిపోయింది. ఆవిడ డబ్బా గుండెకి అదుముకుని లోపలికి వెళ్లింది. ఈసారి ఆయన ఫోనులో ట్రిప్పులు రాకుండా కట్టేసి, గేటు ఎదురుగా ఆపాడు. కాపలావాడు రెండుసార్లు వచ్చి బండి తీయమన్నాడు. రెండుసార్లూ మా ఆయన దండం పెట్టాడు గానీ కదలలేదు. ఆవిడ వస్తే ఏం చెప్పాలో నేను ఒకటి రెండు మాటలు అందించబోయాను. ఆయన వినలేదు.

చాలాసేపటికి ఆవిడ బయటికొచ్చి, వెనక తలుపు తీసుకుని కూర్చుంది.

"అయిపోయింది నాయనా. అప్పటికే గొట్టం వేసేశారు. అయినా చెవికి ఇది పెట్టి పిలిచాను. వినపడదమ్మా అని నర్సు నా చెయ్యి పట్టుకుని ఇవతలకి తెచ్చింది." "మందు ఎక్కేదాకా ‘అక్క ఏదీ, అక్క ఏదీ’ అంటూనే ఉందట. వస్తోందని వీళ్లు అరిచి చెప్పినా దానికేం వినపడుతుంది? నేను రానన్నాననుకునే కళ్లు మూసుకుని ఉంటుంది. అంతా ఈ పాడు కాళ్ల వల్ల."

ఆవిడ తన మోకాలి మీద తానే కొట్టుకుంది. గట్టిగానే కొట్టుకుంది.

"కొట్టుకోకండమ్మా" అన్నాడు మా ఆయన. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని గిల్లాను. చెయ్యి లాగేసుకుని పూర్తిగా వెనక్కి తిరిగాడు. "మీ కాళ్లు కాదు. నేను ఆగలేదు. మీరు వస్తానంటే సెలవు తీసుకుంటున్నారనుకున్నా. మీరిచ్చింది టిప్పు అనుకుని ఇంటికి వెళ్లిపోయా. మీరు కిందకి దిగేసరికి నేను లేను."

అయిపోయింది, మా బతుకు రోడ్డున పడింది అనుకున్నాను. ఆవిడ ఫోను తీస్తుందని చూశాను. తీయలేదు. ఆయన ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది.

"మరీ అంత ఆలస్యంగా దిగలేదు నేను" అంది చివరికి. "అయితే అందేదాన్నే."

"అందేవారమ్మా."

"ఇందాకట్నించి నా కాళ్లని తిట్టుకుంటున్నా. అవి నావి, ఎన్నన్నా పడతాయి. ఇప్పుడు నిన్ను తిట్టాలి. నాకా ఓపిక లేదు నాయనా. చెప్పకపోయినా పోయేది."

మా ఆయన జేబులోంచి ఆ నోటు తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఉంచుకోమంటుందని నేను ఎందుకనుకున్నానో తెలియదు. ఆవిడ తీసుకుంది. మడతపెట్టి కొంగున ముడేసుకుంది.

"ఇంటికి పోనివ్వు. ఇంకో బండి కోసం నిలబడలేను."

ఆయన కారు తీశాడు. ఆవిడ డబ్బాలోంచి మిషన్ తీసి గుప్పిట్లో పెట్టుకుంది. దాన్ని ఆపడం ఆవిడకి తెలియదల్లే ఉంది. గుప్పిట బిగించినప్పుడల్లా అది సన్నగా కూస్తోంది. ఆవిడ ఇల్లు చేరేదాకా కూస్తూనే ఉంది. ఆపమని అడిగే మొహం మా ఇద్దరిలో ఎవరికీ లేదు.