వేలైనా, మౌసైనా

రవళి రెండు చేతులకూ జొన్నపిండి. వంటగట్టు మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. పిండి అంటని చిటికెన వేలితో స్క్రీన్‌ను తాకి కోడ్‌ను కిందికి జరిపింది. చేతులు కడుక్కున్నాక మౌస్ పట్టుకుంది. మళ్ళీ పెనం మీది రొట్టె తిరగేసి వచ్చి, వేలితోనే తాకింది.

"చూసినవా? మనిషి ఒకటే, స్క్రీన్ ఒకటే. ఒకసారి వేలు, ఒకసారి మౌస్. టచ్ స్క్రీన్ అనంగనే మౌస్ బంద్ చేస్తే ఎట్ల?" అంది భర్తతో.

"ఫ్యాక్టరీ నీ వంటిల్లు కాదు. రొట్టె మాడుతున్నది సూడు" అన్నాడు ప్రభాకర్, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

ఇద్దరిదీ పటాన్‌చెరులోని ఒకే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. అతను టీమ్ లీడ్. మందుల ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్ కోసం వెబ్ అప్లికేషన్ తయారుచేస్తున్నారు. అందులో టచ్ స్క్రీన్ ఉన్న కంప్యూటర్లకు వేలు ఒక్కటే పనిచేయాలని ప్రభాకర్ తేల్చేశాడు. ముందున్నది ఏ కంప్యూటరని చూడనే వద్దు, వేలు వచ్చినా మౌస్ వచ్చినా పెన్ను వచ్చినా ఒకే దారిలో తీసుకుందామని రవళి మీటింగులో చెప్పింది. "రంగులు, బటన్లు నువ్వు చూసుకో. లాజిక్ మేం చూస్తం" అన్నాడు ప్రభాకర్. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వే తర్వాత ఆమెను ఎక్కువ బాధపెట్టింది. అత్తగారు ఫోనులో "వాడు అలిసిపోయి వస్తడు, జెర మంచిగ సూసుకో బిడ్డా" అంటుంది. అదే ఆఫీసు నుంచి, అదే బండి మీద, అతని వెనకే కూర్చుని వచ్చే మనిషి అలిసిపోదా? ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఆమె ఎవరినీ అడగలేదు. అడగకుండానే, మధ్యాహ్నం డబ్బా తినే వేళల్లో తన పద్ధతిలో ఇంకో వెర్షన్ రాసిపెట్టుకుంది.

ఫ్యాక్టరీలో చూపించే రోజు వచ్చింది. సెక్షన్ ఇన్‌చార్జి సునంద వేలితో నొక్కితే బాగానే నడిచింది. గ్లౌజులు తొడుక్కుని మౌస్ నొక్కితే మాత్రం ఏదీ కదలలేదు.

"ఇది టచ్ స్క్రీన్ మేడమ్. వేలితోనే నొక్కాలె" అన్నాడు ప్రభాకర్.

"గ్లౌజులు ఏసుకుంటే స్క్రీన్ మీద వేలు పనిచెయ్యదు, మాకు మౌసే దిక్కు సార్. పని నడుమ ఇప్పుకుంట కూసుందుమా?"

కంపెనీ యజమాని సోమేశ్వర్ ముఖం వాడిపోయింది. ఆర్డరు చేజారేటట్టుంది. రవళి లేచింది. 'సర్, నేను ఒకసారి...' అనే మాట అలవాటుగా గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగేసి, తన వెర్షన్ తెరిచింది. సునంద గ్లౌజు చేత్తో మౌస్ నొక్కింది, నడిచింది. గ్లౌజు తీసి వేలితో నొక్కింది, నడిచింది.

"అబ్బ, ఇదీ కావాల్సింది! ఎవరు చేసిండ్రు?"

"మా టీమ్..." అన్నాడు ప్రభాకర్.

"నేను చేసిన" అంది రవళి. తన గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆమెకే తెలియదు.

"ఇగ ఈ పని నువ్వే నడిపియ్యమ్మా" అన్నాడు సోమేశ్వర్.

"నడిపిస్త సర్. లీడ్‌గా నా పేరు పెట్టుండ్రి. మీటింగుల్లో కూడా నేనే మాట్లాడుత."

సోమేశ్వర్ సరేనన్నాడు. గేటు బయట, లారీల రొదలో, ప్రభాకర్ ఆమె వైపు చూడకుండానే అన్నాడు: "అందరి ముందు నా ఇజ్జత్ తీసినవ్."

"నీ ఇజ్జత్ నేను తియ్యలే" అంది రవళి. "నా పని నేను తీసుకున్న."