కృపమ్మ ఒడిలో బ్యాటరీలు

సాయంత్రం ఆరింటికి వీధి మొగలో ఆదాము మోపెడ్ చప్పుడు వినపడగానే కృపమ్మ పొయ్యి మీది కూర దించేసి, చేతులు కడుక్కుని, గోడకు జేరబడి కూర్చునేది. ఆదాము సంచి విప్పి డ్రిల్లు బ్యాటరీలు ఒక్కొక్కటే తీసి ఆమె ఒళ్ళో పెట్టేవాడు. ఆమె వాటి మీద రెండు చేతులూ వేసి, కళ్ళు మూసుకుని, ఏదో కీర్తన కూనిరాగం తీస్తూ ఉండేది. ఆయన స్నానం చేసి, అన్నం వడ్డించుకు తిని, చెయ్యి కడుక్కునేసరికి బ్యాటరీల మీద మూడేసి లైట్లు పచ్చగా వెలిగేవి.

రేపల్లెలో ఆ వీధి వాళ్ళకి ఇదేమీ వింత కాదు. ఒకరి చేత్తో పెట్టిన ఆవకాయ బూజు పట్టదు, ఒకరు పాతిన కరివేపాకు కొమ్మ బతికి తీరుతుంది, కృపమ్మ ఒళ్ళో బ్యాటరీ నిండుతుంది, అంతే. పక్కింటి సుశీల కూడా పొలానికి మందు కొట్టే స్ప్రేయర్ బ్యాటరీ పట్టుకొచ్చి, "వదినా, ఒళ్ళో చోటుందా?" అని గుమ్మంలోంచే అడిగేది.

మరి ఇంట్లో ఛార్జర్ లేదా అంటారా? ఎందుకు లేదు, నిక్షేపంలా ఉంది. కానీ ఆదాము బ్యాటరీలు ఛార్జర్ మాట వినేవి కావు. పెట్టగానే ఎర్రలైటు టపటపా కొట్టుకునేది. ఆ పాపం ఛార్జర్‌ది కాదు, ఆదాముదే.

ఆయన వడ్రంగం నేర్చింది తెనాల్లో, వెంకటకృష్ణయ్య మేస్త్రి దగ్గర. ఆ చుట్టుపక్కల తీగలేని డ్రిల్లు మొట్టమొదట కొన్నది ఆ మేస్త్రే. చుక్క మిగలకుండా బ్యాటరీ దించాకే మళ్ళీ ఎక్కించాలని ఆయన శాసనం. సగంలో ఎక్కిస్తే అది ఎంగిలి మీద వడ్డించడమే అనేవాడు. అప్పటి బ్యాటరీలకి ఆ మాట నిజమే. సగంలో ఎక్కిస్తే అవి ఆ సగాన్నే గుర్తుపెట్టుకుని, తర్వాత అంతకు మించి పని చేసేవి కావు. మేస్త్రి కాలం చేశాడు, ఆ బ్యాటరీలూ పోయాయి. ఆదాము మాత్రం ఆ మాట వదల్లేదు. డ్రిల్లు మూలిగినా నొక్కుతాడు, కమురు వాసనొచ్చినా నొక్కుతాడు. అది కుయ్యోమని ఆగిపోతే తప్ప ఆయనకి తృప్తి లేదు.

తెనాల్లో పనిముట్ల కొట్టు లూకా ఎన్నిసార్లు చెప్పాడో. "బాబాయ్, ఇప్పటివి వేరే జాతి. ఒక లైటు మిగిలుండగానే తీసెయ్. వేడి మీద ఛార్జింగ్ పెట్టకు, అరగంట నీడన పడేసి చల్లారనియ్. అట్టడుగుదాకా దించావంటే అది చచ్చిపోద్ది."

"చస్తే మా ఇంటిది లేపుద్దిలేరా," అని ఆదాము నవ్వేవాడు.

నిజంగానే లేపేది. అందుకే ఆయనకి బుద్ధి రాలేదు. ఛార్జర్ వద్దని తోసేసిన బ్యాటరీ కూడా కృపమ్మ ఒళ్ళో రెండు గంటలుంటే లేచి కూర్చునేది. కాకపోతే అలాంటివి లేపినప్పుడల్లా ఆమె చేతులు బావి నీళ్ళలా చల్లబడేవి. ఆ ఏడు చర్చిలో పాటకి నిలబడడం మానేసింది. సగం చరణానికే ఆయాసం వస్తోందంది. ఆసుపత్రిలో రక్తం తక్కువుందని, విశ్రాంతి కావాలని చెప్పారు. ఆదాము దానిమ్మకాయలు కొనుక్కొచ్చాడు. దానిమ్మకాయల పక్కనే ఆ పూట బ్యాటరీలూ పెట్టాడు, ఏం మనిషో!

"అన్నయ్యా, వదిన మొహం చూశావా? తెల్లగా పాలిపోయింది," అని సుశీల ఒకరోజు నిలదీసింది.

"చూస్తున్నానమ్మా. ఈ నెల పని గడవనీ," అన్నాడు.

ఆ నెలాఖరునే తుఫాను వచ్చింది. రేపల్లె నుంచి బాపట్ల దాకా కరెంటు స్తంభాలు నేలకొరిగాయి. సముద్రపు ఒడ్డునున్న పల్లెల్లో ఇళ్ళ మీది రేకులు కొన్ని చెరువుల్లో తేలాయి, కొన్ని సరుగుడు తోటల్లో దొరికాయి. బాపట్ల అవతల ఒక పల్లె నుంచి పడవల కొండలరావు వెతుక్కుంటూ వచ్చాడు.

"మేస్త్రీ, ఇరవై మూడు ఇళ్ళు. పిల్లాజెల్లా ఆకాశం కింద ఉన్నారు. సముద్రంలో ఇంకోటి పుట్టిందంటున్నారు. అది వచ్చేలోపు రేకులు బిగించాలి. అక్కడ కరెంటు లేదు, నీ దగ్గరైతే..." అని ఆగి, కృపమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు. "అక్కా, నువ్వు కూడా రావాలి."

కృపమ్మ చీర కొంగు సర్దుకుంది. "పసిపిల్లలున్న ఇళ్ళు ముందు కప్పండి," అంది.

పిట్టలవానిపాలెం మీదుగా బస్సులో వెళ్ళారు. పల్లెలో కొండలరావు అక్క పేరంటాలు, ఒడ్డున బోర్లించిన పడవ పక్కన పరదా కట్టి, కృపమ్మకి చాప వేసింది. ఆదాము ఇంటి మీద, కృపమ్మ పడవ నీడన. ఆదాము స్క్రూలు బిగిస్తూ బ్యాటరీని అట్టడుగుదాకా పీల్చి, పెనంలా కాలుతున్నదాన్ని తెచ్చి ఆమె ఒళ్ళో పడేసి, నిండినది పట్టుకుని పరుగెత్తేవాడు. మొత్తం ఎనిమిది బ్యాటరీలు. పల్లె వాళ్ళు దాటుకుంటూ వెళ్తూ, చంటిపిల్ల నిద్రపోతుంటే ఎలా నడుస్తారో అలా ఆమె దగ్గర అడుగులు నెమ్మది చేసేవారు.

ఆరో రోజు కృపమ్మ ఒకే ఒక్క మాట అడిగింది. "ఏవయ్యా, తొడలు కాలిపోతున్నాయి. కాసేపు చల్లారాక తేకూడదా?"

"మబ్బు చూడవే తూర్పున ఎలా ఉందో!" అన్నాడు ఆదాము. అతనూ అబద్ధం చెప్పలేదు, మబ్బు అలాగే ఉంది. పైన కప్పు లేని ఇళ్ళు ఇంకా తొమ్మిదున్నాయి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నానికి ఇరవై రెండిళ్ళు అయిపోయాయి. మిగిలింది పేరంటాలు ఇల్లు ఒక్కటే. తన ఇల్లు చివర్న చూసుకోమని ఆమే పట్టుబట్టింది. ఆదాము బ్యాటరీ కోసం కిందికి దిగేసరికి పేరంటాలు గంజి గ్లాసు పట్టుకుని కేక పెడుతోంది. కృపమ్మ పడవకి ఆనుకుని ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, ఊపిరి ఆడుతోంది, పిలిస్తే పలకడం లేదు. ఆమె ఒళ్ళో నాలుగు బ్యాటరీలున్నాయి. నాలుగింటి మీదా మూడేసి లైట్లూ వెలుగుతున్నాయి.

బాపట్ల ఆసుపత్రిలో నాలుగు రోజులు సెలైన్లు ఎక్కించారు. గుండె బాగానే ఉంది, తల బాగానే ఉంది, ఎందుకు లేవడం లేదో మాకు అంతుబట్టడం లేదు అన్నారు. ఇంటికి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాక ఆదాము తెనాలి రైలెక్కాడు. లూకా కొట్టులో నిలబడి, ఇన్నేళ్ళుగా విననివాడు, పిల్లాడిలా అడిగాడు.

"ఒరే లూకా, అట్టడుగుదాకా దిగిపోయినదాన్ని ఎలా లేపాలిరా?"

ఏ బ్యాటరీ అని లూకా అడగలేదు. కౌంటరు ఇవతలికి వచ్చి, ఆదామును బల్ల మీద కూర్చోబెట్టాడు. "తొందరపెట్టకూడదు బాబాయ్. ఎక్కువ పెట్టి తోస్తే పోద్ది. చాలా కొంచెంగా, చాలాసేపు పెట్టాలి. కొన్ని లేస్తాయి, కొన్ని లేవవు. లేచినవైనా మునుపటంత పట్టవు." చివరి మాట చెప్పేటప్పుడు వాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

రైల్లో తిరిగొస్తూ ఆదాము ఏడ్చాడు. ఎంగిలి, ఎంగిలి అంటూ చుక్క మిగల్చకుండా తిన్నది ఎవరినో అతనికి అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద కొండలరావు కూర్చుని ఉన్నాడు. ఆ నాలుగు బ్యాటరీలనీ గుడ్డలో చుట్టి తెచ్చాడు.

"వీటితో మీ అక్క ఇల్లు అయిపోయేది కదయ్యా," అన్నాడు ఆదాము.

"మా అక్కే పంపింది. పరదా కింద పడుకుంటానంది. ఇవి కృపమ్మక్కవి, ఆమెకే ఇచ్చెయ్యమంది."

ఆదాము ఒక్క బ్యాటరీ తీసి కృపమ్మ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, పైన తన చెయ్యి వేసి కూర్చున్నాడు. మూడు లైట్లు రెండు కావడానికి రెండు రోజులు పట్టింది. అతను తొందరపెట్టలేదు. సుశీల అన్నం తెస్తే తిన్నాడు, లేకపోతే లేదు. రెండో బ్యాటరీ సగానికి దిగినప్పుడు ఆమె చేతుల్లో చలి తగ్గింది. మూడోది దిగాక మంచినీళ్ళు మింగింది. నాలుగోది పూర్తిగా ఆరిపోయిన పొద్దున కళ్ళు తెరిచి, "రేకులయ్యాయా?" అని అడిగింది.

ఆమెది ఆమెకి దక్కింది అంతే. మిగతాదంతా ఇరవై రెండిళ్ళ కప్పుల్లో బిగుసుకుపోయింది, దాన్నెవరు విప్పి తేగలరు? దిండ్లు పెడితే కూర్చోగలదు. గ్లాసు పట్టుకోగలదు. లేచి నిలబడలేదు, పాట ఎత్తుకోలేదు. ఇక ఇంతేనని ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు.

వారం తర్వాత ఆదాము బ్యాటరీలు, డ్రిల్లూ లూకాకి ఇచ్చేసి, వెంకటకృష్ణయ్య నాటి చేతి బరమా తీసుకుని పేరంటాలు ఇంటి పనికి వెళ్ళాడు. ఒక్కో బెజ్జం తిప్పి తిప్పి వేసి, బోల్టు పెట్టి బిగించాలి. అప్పుడు కురవకుండా విడిపోయిన మబ్బు మళ్ళీ కమ్ముతోంది. పొద్దు వాలేదాకా తిప్పి, ఒంట్లో చుక్క సత్తువ లేకుండా ఇంటికి చేరి, మంచం పక్కన కూలబడ్డాడు.

కృపమ్మ అతని అరచెయ్యి తీసుకుని చూసింది. బొబ్బలు చితికి ఉన్నాయి.

"బ్యాటరీలేమయ్యాయి? ఇలా ఇవ్వు, నింపుతా," అంది.

"అన్నీ నిండుగానే ఉన్నాయి కృపా. ఊరికే, చేత్తో చేద్దామనిపించింది."

ఆమె నమ్మలేదు. ఆ చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. పెళ్ళయిన కొత్తలో పట్టుకున్నట్టు పట్టుకుంది. ఆదాముకి ప్రాణం లేచొచ్చింది. నడుం నొప్పి తగ్గింది. భుజాల్లో బరువు దిగింది. మణికట్టు నుంచి మోచేతికి వెచ్చగా ఏదో పాకుతోంది. హాయిగా కళ్ళు మూతలు పడ్డాయి. అంతలో ఆమె వేళ్ళు చల్లగా తగిలాయి.

నిప్పు ముట్టుకున్నవాడిలా చెయ్యి లాగేసుకుని, మంచానికి దూరంగా గోడదాకా జరిగిపోయాడు.

"ఏంటి? ఏమైంది?" అంది కృపమ్మ. ఆమె పెదాలు అప్పటికే పాలిపోయాయి. తనేం చేసిందో ఆమెకి తెలియనే తెలియదు. ఒళ్ళోకొచ్చినదాన్ని నింపడం తప్ప ఆమెకి మరోటి చేతకాదు.

"ఏం లేదు," అన్నాడు గోడ దగ్గర్నుంచే. అక్కడే కూర్చుని, మోకాళ్ళ మధ్య మొహం దాచుకుని, చప్పుడు కాకుండా ఏడ్చాడు.

మర్నాడు పల్లెలో మధ్యాహ్నం రెండింటికే ఆదాము బరమా సంచిలో పెట్టి నిచ్చెన దిగాడు. పేరంటాలు ఇంటి మీద ఇంకా మూడు రేకులు మిగిలున్నాయి. కొండలరావు ఆకాశం వైపు చూసి, అతని వైపు చూశాడు.

"ఏంటి మేస్త్రీ, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందయ్యా," అన్నాడు ఆదాము. "కాస్త ఓపికుండగానే ఇంటికెళ్ళాలి."